ఇంచు టీచరు

మా బడిలో చరిత్ర చెప్పే ఆవిడను పిల్లలు ఇంచు టీచరు అంటారు. పొట్టిగా ఉంటుంది కాబట్టి ఆ పేరు పెట్టారని బయటివాళ్ళు అనుకుంటారు. అది కాదు. ఆవిడ నాకు తోడికోడలు, మా బావగారి భార్య. అక్కా అని పిలుస్తాను. ఒకే ఇంట్లో ఉంటాం, ఒకే బడిలో పనిచేస్తాం. నేను లెక్కలు చెబుతాను. ఆ ఇంచు సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఏటా ఎనిమిదో తరగతిని ఊరి చివర కోటకు తీసుకెళ్తుంది. తోడుకని నన్నూ లాక్కుపోతుంది. నాకు పాత గోడలంటే పడదు. చెప్పులు అరగడం, గొంతు ఎండడం తప్ప అక్కడ నాకు ఒరిగిందేమీ లేదు. పిల్లలు మాత్రం ఎగురుకుంటూ వస్తారు. ద్వారం దగ్గర ఎవడో ఒకడు నోరు జారతాడు.

"టీచర్, ఈ కోట రాజు కట్టాడు కదా?"

"రాజు తట్ట మోశాడా?" అంటుంది అక్క.

"లేదు టీచర్."

"మరి?"

"కట్టించాడు టీచర్."

"ఆ. ఇంచు మరిచిపోకండి. ఇంచు తీసేస్తే వందల మంది పోతారు."

ఇక పాఠమంతా గోడల దగ్గరే. రాజు ఎక్కడ కూర్చున్నాడో చెప్పదు. రాళ్ళ మీది ఉలిగాట్లను వేళ్ళతో తడమమంటుంది. ఉత్తరం గోడలో ఒక వరస రాళ్ళకు గాట్లు మిగతావాటికి ఎదురు దిక్కుకు వాలి ఉంటాయి. అవి చెక్కినవాడిది ఎడమచేతివాటం అయి ఉండాలని అక్క ఊహ. పిల్లలు అతనికి ఎడంచేతి తాత అని పేరు పెట్టారు. తిరిగి వచ్చేముందు అందరూ ఆ రాయి మీద చెయ్యి వేసి, "వెళ్ళొస్తాం తాతా" అని చెప్పి మరీ వస్తారు. రాజుకు ఆ మర్యాద లేదు.

అక్క పట్టుదలకు కారణం ఉంది. వాళ్ళ నాన్న తాపీమేస్త్రీ. చిన్నప్పుడు చెయ్యి పట్టుకుని వీధులు తిప్పుతూ, "ఇది నేను కట్టిందే, అదీ నేను కట్టిందే" అని చూపించేవాడట. ఆ ఇళ్ళవాళ్ళేమో చూడవచ్చినవాళ్ళకు "మేం కట్టాం" అని చెప్పుకునేవాళ్ళు. ఆయన పోయేనాటికి ఆ మేడల్లో ఆయన పేరు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఈ సంగతి అక్క నాతో ఒక్కసారే చెప్పింది, బట్టలు మడతపెడుతూ.

ఈ ఏడు కొత్త హెడ్మాస్టరు వచ్చాడు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. అర్ధసంవత్సర పరీక్షకు చరిత్ర పేపరు తనే తయారుచేశాడు. మొదటి ప్రశ్న: "మన ఊరి కోటను కట్టినది ఎవరు?" తరగతి తరగతంతా "తాపీమేస్త్రీలు, రాళ్ళు కొట్టేవాళ్ళు, తట్టలు మోసిన ఆడవాళ్ళు" అని రాసింది. ఒకమ్మాయి "ముఖ్యంగా ఎడంచేతి తాత" అని కూడా చేర్చింది. ఆ పిల్లదీ ఎడమచేతివాటమే, అందుకని తాతంటే సొంత చుట్టం. అందరికీ సున్నా పడింది. తల్లిదండ్రులు బడి మీదికి వచ్చారు.

హెడ్మాస్టరు అక్కను పిలిపించాడు. ఆ గదిలోనే ఓ మూల మార్కులు కూడుతూ నేనూ ఉన్నాను.

"ఎవరమ్మా ఈ ఎడంచేతి తాత? ఏ వంశం?"

"ప్రశ్నలో ఇంచు లేదండీ," అంది అక్క. "కట్టినది ఎవరని అడిగారు. కట్టింది వాళ్ళే కదండీ. రాజు కట్టించాడు."

"నేనూ ఇల్లు కట్టాను. సిమెంటు నేను కలిపానా? లోకమంతా అలాగే అంటుంది."

"లోకాన్ని అననివ్వండి సార్. చరిత్ర పేపరు అనకూడదు కదా."

ఆయనకు కోపం రాలేదు, విసుగొచ్చింది. "చూడండమ్మా, పెద్ద పరీక్షలో ఇదే ప్రశ్న ఇలాగే ఇస్తాను. పిల్లలు రాజు పేరు రాస్తే వచ్చే ఏడూ వెళ్ళండి. రాయలేదా, కోటా లేదు, గీటా లేదు."

బయటికి వచ్చాక నేను ఊరుకోలేకపోయాను. "పంతానికి పోయి కోటే పోగొట్టుకుంటావా? రాబోయే పిల్లలు ఆ రాయి ముట్టుకోవద్దా? రాజు పేరు రాయమను, పీడా పోతుంది" అన్నాను.

పెద్ద పరీక్షకు ముందురోజు తరగతిలో చెప్పింది, "రేపు రాజు పేరే రాయండి, మార్కులు కావాలి" అని. ఎడంచేతి పిల్ల లేచి, "మరి తాత?" అందట. "కూర్చో అమ్మా" అందట అక్క. ఆ సాయంత్రం కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టలేదు. బావగారు హాస్యానికి, "ఏమిటి, ఇవాళ ఓ ఇంచు తగ్గినట్టున్నావు?" అన్నారు. అక్క లేచి వెళ్ళిపోయింది. సంగతి నేను చెప్పాక, పాపం, ఆయనా తినలేదు.

మర్నాడు పరీక్ష గదిలో కాపలా నాదే. మా బడిలో ఒక పద్ధతి ఉంది: ముందు ప్రశ్నను రాసి, దాని కింద జవాబు రాయాలి. పిల్లలకు ఆ పద్ధతంటే ఒళ్ళుమంట. ఆ రోజు మాత్రం ఎవరూ గొణగలేదు. నేను వరసల మధ్య తిరుగుతూ ఎడంచేతి పిల్ల దగ్గర ఆగాను. జవాబు రాజు పేరే, తప్పు లేకుండా ఉంది. పైన ప్రశ్న చూశాను. "మన ఊరి కోటను కట్టించినది ఎవరు?" అని ఉంది. పక్క బల్ల చూశాను. అదే. వెనక బల్లా అదే. ప్రతి కాగితం మీదా ఓ సున్నా, ఓ 'చి' అదనంగా ఉన్నాయి. పోయినసారి ఆయన వేసిన సున్నాను ఈసారి పిల్లలే వేసుకున్నారు. నేను నోరు మూసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను.

పేపర్లు హెడ్మాస్టరే నా ఎదుట దిద్దాడు. రెండు మూడు కాగితాలయ్యాక పెన్ను ఆగింది. మిగతావన్నీ గబగబా తిరగేశాడు.

"టీచర్, ప్రశ్న తప్పుగా దించితే మార్కు తగ్గించొచ్చా?" అని నన్నడిగాడు.

"ప్రశ్నకు మార్కుల్లేవండీ, జవాబుకే," అన్నాను. లెక్కలదాన్ని, నా దగ్గర తేడా ఉండదు.

ఆయన కాసేపు గడ్డం తడుముకుని అందరికీ పూర్తి మార్కులు వేశాడు. అన్నమాట తప్పలేదు, కోట ప్రయాణానికి ఒప్పుకున్నాడు.

ఆ కట్ట తెచ్చి అక్క చేతికిచ్చాను. ఒక్కొక్క కాగితం మీదా మొదటి వరస మాత్రమే చదివింది.

"ఎవరు చెప్పారే వీళ్ళకి?"

"నువ్వు కాదా?"

"నేను రాజు పేరు రాయమన్నాను."

"రాశారుగా."

అక్క కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. "మా నాన్నకు చదువు రాదు. బతికి ఉంటే ఇవన్నీ చదివి వినిపించేదాన్ని" అంది.

"ఏడుస్తున్నావా అక్కా?"

"ఏడవడం కాదే," అంది. "ఏడిపించారు."