పెద్దనాయన రుమాలు విప్పిన పాపం

ఇండ్లు కాల్చినవాళ్లున్నారు, ఊళ్లు ముంచినవాళ్లున్నారు. కానీ ఒక పెద్దమనిషి తలను కాలవలో ముంచి, కంపచెట్టు మీద ఆరేసి, తడి సగం ఆరకముందే పెండ్లి సంబంధానికి తీసుకుపోయినవాణ్ణి మాత్రం కర్నూలు, కడప జిల్లాలు రెండింట్లోనూ నేనొక్కణ్ణే. భయపడకండి. మనిషి బతికే ఉన్నాడు, ఇంట్లో మంచం మీద. తల మాత్రమే నా వెంట వచ్చింది.

విషయం ఏమిటంటే, మా వైపు తలపాగాను రుమాలంటాం. ముక్కు తుడుచుకునే గుడ్డముక్క అనుకునేరు, పద్దెనిమిది మూరల గుడ్డ! పెండ్లికొడుక్కు ఎర్రంచు రుమాలు మేనమామ చుట్టాలి. తండ్రి పోయినవాడికి కర్మనాడు బంధువులు తెల్లరుమాలు చుడతారు. ఇంటి బరువు ఇక నీదేరా అని నోటితో చెప్పే పనే లేదు. ఒకరి రుమాలు కింద పడేస్తే మూడు తరాల పగ. తన రుమాలు తానే తీసి ఎదుటివాడి కాళ్ల దగ్గర పెడితే, దానికి మించిన బతిమాలడం లేదు. పెద్దమనిషి ఎక్కడికైనా రాలేకపోతే, ఆయన తన చేత్తో చుట్టిన రుమాలు పళ్లెంలో వస్తే చాలు, ఆయన వచ్చినట్టే. దానికి చాప వేస్తారు, దాని ముందు గొంతు తగ్గించి మాట్లాడతారు.

మా పెద్దనాయన దీనికి ఇంకో మాట కలిపేవాడు. మా ముత్తాత రుమాలు చూసి కర్నూలు నవాబుగారి ఏనుగు మోకాళ్ల మీద వంగిందట. ఏనుగు సంగతి నేను చూడలేదు గానీ, పెద్దనాయన రుమాలు కనిపిస్తే మా వీధి కుక్కలు మొరిగే మొరుగు సగంలో మింగేసేవి. అది నా కళ్లారా చూశాను.

ఆయన కొడుకు చెన్నన్నకు అప్పటికి ఇరవై ఎనిమిదేండ్లు. రెండు సంబంధాలు వచ్చినట్టే వచ్చి తప్పిపోయాయి. "ఆడదిక్కు లేని ఇల్లు. ఆ పెద్దాయన మనిషి కాదు, బండరాయి. ఆ ఇంట్లో ఆడదానికి విలువుండదు" అని జనం మాట. మూడోది నందికొట్కూరుకు అవతల సుంకిరెడ్డి కూతురు రామక్క. వక్కాకు మార్చుకుని సంబంధం ఖాయం చేసుకునే రోజు కుదిరింది. సరిగ్గా అప్పుడే పెద్దనాయన కాలికి నారికురుపు లేచింది. కురుపులోంచి తల బయటపెట్టిన పురుగును రోజుకు బెత్తెడు చొప్పున పుల్లకు చుట్టుకుంటూ మంచం మీద పడుకున్నాడు. కదిలితే పురుగు తెగుతుంది, తెగితే కాలు పోతుంది. రోజు మారిస్తే పిల్లను ఇంకొకరికిస్తానని సుంకిరెడ్డి ముందే చెప్పేశాడు.

"రేయ్ ఓబులేసూ," అన్నాడు పెద్దనాయన, "నా రుమాలు తీసుకపో. పళ్లెంలోంచి కదలగూడదు. ఇంగొకరి నెత్తికి తగలగూడదు. యినపడిందా?"

"యినపడింది పెద్దనాయనా."

"తలకెక్కిందా?"

"ఎక్కింది" అన్నాను. అబద్ధం. అది ఎక్కింది రెండు కోసులు పోయినాక.

పొద్దున్నే బండి ఇరుసుకు చెన్నన్నే నూనె పూశాడు. ఊరి బయటిదాకా బండి పక్కన నడిచాడు. "జాగర్త రా ఓబులేసూ" అని ఒక్క మాట అని నిలబడిపోయాడు. వెనక్కి చూస్తే, బండి కనపడనంత దూరం పోయినా అక్కడే ఉన్నాడు.

బండి ఉసేనప్పది. కాలవ గట్టున ఎద్దులకు నీళ్లు తాపడానికి ఆపాడు. నాకప్పుడు ఇరవై ఏండ్లు. మీసాలు ఎడమవైపు ఐదు, కుడివైపు మూడు. పళ్లెంలో ఊరి పెద్దరికమంతా ఊరికే కూర్చోనుంది. చుట్టూ ఎవరూ లేరు. మీరే చెప్పండి, మీరైతే ఏం చేసేవాళ్లు? మీరు చేసేవాళ్లు కారు, సరే. నేను పెట్టుకున్నాను.

"ఉసేనప్పా, ఇట్ల చూడు. ఎట్లుండా?"

"తోబా తోబా! దించప్పా! గుమ్మడికాయ కింద ఎలుక మాదిరి ఉండావు!"

"ఒక్కసారి నీళ్లల్లో చూసుకొని దించుతా."

వంగాను. నీళ్లలో ముందు నేనూ రుమాలూ కనిపించాం. తర్వాత రుమాలు ముక్కు మీదికి జారి నాకేమీ కనిపించలేదు. మళ్లీ కళ్లకు వెలుతురు వచ్చేసరికి రుమాలు కాలవలో, కడప దిక్కుగా ప్రయాణం కట్టింది.

"ఉసేనప్పా! పెద్దనాయన పోతాండాడు!"

ఉసేనప్ప ముల్లుకర్రతో కొసను పట్టి లాగాడు.

"వస్తాండాదా?"

"వస్తానే ఉండాదప్పా! ఇది మీ పెద్దనాయన తలకాయా, బావి చేంతాడా?"

పద్దెనిమిది మూరలూ విప్పుకుని గట్టుమీదికి వచ్చాయి. అన్నిటికంటే ఆఖరున, లోపలి చుట్టులోంచి, వెలిసిపోయిన గుడ్డపేలిక ఒకటి జారి పడింది. "చెమట పీల్చను పెట్టుకున్నాడేమోలే" అని పక్కకు విసిరాను.

కంపచెట్టు మీద ఆరేశాం. ఎండకు పైపైన ఆరింది, కానీ గంజి మొత్తం కాలవపాలు. రుమాలు విప్పనేల, తల గోక్కోనేల! ఎద్దులకు నీళ్లు తెచ్చే కడవను బోర్లించి దానికి చుట్టాను. కుక్క ముడుచుకుని పడుకున్నట్టు వచ్చింది. ఉసేనప్ప విప్పి తన పద్ధతిలో చుట్టాడు. అత్తరు అమ్మే సాయిబుది మాదిరి వచ్చింది. ఎవరు చుట్టినా కడవ మీంచి తీసేసరికి, దొంగసాక్షి మాట మాదిరి జారిపోతోంది.

"దేనితోనన్నా నడుం బిగించాలప్పా" అన్నాడు ఉసేనప్ప.

అప్పుడు నా బుర్ర పనిచేసింది. అది ఎప్పుడు పనిచేసినా ఇదే వరస. ఆ గుడ్డపేలిక తీసి రుమాలు చుట్టూ బిగించి, ముందువైపు పువ్వు మాదిరి ముడి కూడా వేశాను.

సుంకిరెడ్డి ఇంటి అరుగు మీద పదిమంది పెద్దమనుషులు, పది రుమాళ్లు. నడుమ చాప వేశారు. దాని మీద పళ్లెం పెట్టి, కప్పిన గుడ్డ తీశాను.

"ఎవరప్పా ఈయన?" అన్నాడు సుంకిరెడ్డి.

"మా పెద్దనాయన, మామా."

"శానా చిక్కినట్టుండాడే!" అన్నాడు పక్కాయన.

"కాలు బాగలేదు కదా, అందుకే" అన్నాను.

సుంకిరెడ్డి వంగి నా పువ్వు ముడి పట్టుకుని చూశాడు. ముఖం మిరపపండయింది. "ఇది చీరపేలిక! మగోళ్ల సభకు ఆడగుడ్డ చుట్టి పంపుతాడా? మేమేమన్నా గాజులు తొడుక్కున్నామా? లేయండప్పా! వక్కాకూ లేదు, ఏమీ లేదు!"

పది రుమాళ్లూ లేచాయి. నా కండ్ల ముందు చెన్నన్న ఒక్కడే కనిపించాడు, ఊరి బయట దారిలో నిలబడి. అబద్ధాలు నా దగ్గర ఎప్పుడూ నాలుగైదు తయారుగా ఉంటాయి. ఆ పూట ఒక్కటీ రాలేదు. విధిలేక నిజం చెప్పాను.

"చుట్టి పంపలేదు మామా! నేను కాలవలో పడేస్తే బయటపడింది! అది లోపలుండింది!"

"యాడ లోపల?"

"రుమాలు లోపల. అన్నిటికన్నా లోపలి చుట్టులో. నెత్తికి ఆనుకొని."

గడప దగ్గర కూర్చున్న ముసలామె, సుంకిరెడ్డి తల్లి, చెయ్యి చాచింది. "ఆ గుడ్డ ఇట్ల తే నాయనా." వేళ్లతో తడిమింది. "పాత నేతచీర చెంగు. అతుకు గూడా ఏసుకున్నారు పాపం. ఎవురిది?"

అప్పుడు చూశాను నేను, మొదటిసారి సరిగ్గా. నల్లంచు. మూలన కడిగినా పోని పసుపు మరక. ఆ చెంగుతో నా మూతి ఎన్నిసార్లు తుడిచిందో. మజ్జిగన్నం పెట్టి, "మీసాలొచ్చినాయి రా నీకు" అని నవ్వి, తుడిచేది.

"మా పెద్దమ్మది అవ్వా," అన్నాను. "పోయి తొమ్మిదేండ్లయింది."

"తొమ్మిదేండ్ల సంది నెత్తిన పెట్టుకొని తిరుగుతాండాడా?"

"మాకెవురికీ తెలీదవ్వా. చెన్నన్నకు గూడా తెలీదు."

అవ్వ ఆ చెంగును మడిచి నా చేతిలో పెట్టింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"రేయ్ సుంకిగా, ఆ ఇంట్లో ఆడదానికి విలువుండదంటివి కదరా?"

"నేనన్లేదుమా, ఊరోళ్లు..."

"సరే. నీ రుమాల్లో ఏముండాదో విప్పు."

"అమ్మా! పదిమందిలోనా?"

"విప్పుతావా, నన్ను లేయమంటావా?"

విప్పాడు. అరకట్ట బీడీలు, యాపపుల్ల, పొడుం డబ్బీ, చీమలు పట్టిన బెల్లంముక్క, ఒక అడకత్తెర రాలాయి. తలుపు చాటునుంచి ఆయన భార్య కేక వేసింది: "నా అడకత్తెర! మూడు నెల్ల సంది ఎతుకుతాండా! నా తోడికోడల్ని దొంగంటినే!"

మిగతా పెద్దమనుషులు గాలివానలో నిలబడ్డట్టు రెండు చేతులతో రుమాళ్లు అదిమి పట్టుకున్నారు. ఒకాయనకు ఉన్నట్టుండి ఇంటి దగ్గర ఎనుము ఈనబోతున్న సంగతి గుర్తుకొచ్చింది.

"వక్కాకు తెండి" అంది అవ్వ. "మా రామక్క ఆ ఇంటికే పోతాది."

ఇంటికొచ్చి పళ్లెం మంచం పక్కన పెట్టాను. పెద్దనాయన ఒక్క చూపు చూశాడు.

"విప్పినావు."

ఆ చెంగు ఆయన అరచేతిలో పెట్టాను. కర్ర ఎటువైపునుంచి వస్తుందోనని చూస్తున్నాను.

"అందరూ చూసినారా?"

"చూసినారు పెద్దనాయనా."

"ఏమన్నారు?"

"పిల్లనిస్తామన్నారు."

ఆయన ఆ గుడ్డను మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు. "బతికినన్నాళ్లూ మీ పెద్దమ్మ నన్ను పదిమందిలో నవ్వులపాలు చేసేది. వద్దంటే యినేది కాదు. సూడు, పోయినాక గూడా మాన్లేదు" అన్నాడు. నవ్వాడో ఏడ్చాడో నాకు తెలియలేదు. ఆ బండరాయి ముఖం అట్లా కావడం అప్పుడే చూశాను. కాసేపటికి రుమాలు నా మీదికి విసిరాడు. "దీనికి బాగా గంజి పెట్టి తే." చెంగు మాత్రం ఇవ్వలేదు. "ఇది గంజిలో ముంచేది కాదు."

పెండ్లి జరిగింది. నందికొట్కూరు చుట్టుపక్కల ఏడూళ్లలో ఆడవాళ్లు నెల రోజులు మొగుళ్ల రుమాళ్లు విప్పి చూశారు. మగవాళ్లు పాత చీరల కోసం మూటలన్నీ వెతికారు. తొందరలో పెండ్లాం చీరనుకుని ఆమె తోడికోడలి చీర చెంగు పెట్టుకుని తన్నులు తిన్నవాణ్ణి నేను స్వయంగా ఎరుగుదును. పేరు చెప్పను, పాపం ఇంకా కుంటుతున్నాడు.

కాబట్టి, నవాబుగారి ఏనుగు సాక్షిగా, ఉసేనప్ప రెండెద్దుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇంకొకరి రుమాలు నా చేత్తో విప్పను. ఆ మాటకొస్తే నా రుమాలు కూడా నేను విప్పను. నేను చేసుకున్నది రామక్క చెల్లెల్ని. ప్రతి ఆదివారం ఆ పని ఆమే చూసుకుంటుంది.