నల్లరంగు కింద దర్జీ పేరు

పోయిన మంగళవారం మధ్యాహ్నం మా అమ్మాయి ఆస్పత్రి డ్యూటీలోంచి ఫోన్ చేసింది. "అమ్మా, ఎదురు ఫ్లాట్ ఆంటీ ఇందాకే పోయింది. నువ్వు కంగారుపడకు." కంగారుపడకు అన్నారంటే పడాల్సింది ఏదో ఉందని నా అనుభవం. నాకు ముందు ఏడుపు రాలేదు. పేపర్లో వేస్తారేమో, ఆవిడ నవల మళ్ళీ జనం వెతుకుతారేమో అని భయం వేసింది.

ఆవిడది మొరాకో. పేరు, ఊరు, పుస్తకం పేరు ఇక్కడ రాయను. అక్కడి పోలీసులు తెలుగు పత్రికలు చదవరన్న ధైర్యంతో మిగతాది రాస్తున్నాను.

గుంటూరులో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పి, పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో అమ్మాయి పురిటికని అమెరికాలో జెర్సీ సిటీకి వచ్చి, ఇక్కడే ఉండిపోయాను. మా తలుపుకి ఎదురుగా ఆవిడ తలుపు. తట్టగానే తీసేది కాదు. కన్నంలోంచి చూసేది. "నేనే అమ్మాయ్, పప్పుచారు తెచ్చాను" అంటే అప్పుడు గొలుసు తీసిన చప్పుడు. పదేళ్ళ స్నేహంలోనూ ఆ గొలుసు ముందే తీసిన రోజు లేదు.

బట్టల షాపుల అద్దాల మీద పండగ బొమ్మలు వేసి అద్దె కట్టుకునేది. మిగతా పొద్దంతా తన సొంత బొమ్మలు. తెల్లటి గోడలు, మూసిన తలుపులు. మాన్‌హట్టన్‌లో రెండుసార్లు ప్రదర్శన పెట్టారు, మెచ్చుకున్నారు, కొన్నవాళ్ళు తక్కువ. "ఇన్ని తలుపులు వేశావు, ఒక్కటైనా తెరవవేం?" అని అడిగాను. "తెరిస్తే ఎవరొస్తారో నాకు తెలుసు టీచర్" అంది. నవ్వుతూనే అంది.

ఆవిడ తమ్ముణ్ణి కాలేజీ గొడవల్లో పోలీసులు తీసుకుపోయారు, తిరిగి రాలేదు. పట్టుబడకముందు మూడు రోజులు వాళ్ళ వీధి దర్జీ అతన్ని తన కొట్టు వెనక దాచాడు. ఆ సంగతి పోలీసులకి తెలియదు. అప్పటికి దర్జీ అదే వీధిలో ఇంకా బట్టలు కుట్టుకుంటున్నాడు. ఇదంతా ఆవిడ నవలగా రాసింది. ఇంగ్లీషు దిద్ది, మా వీధి చర్చిలో ఉన్న టైపు మిషను మీద కొట్టిపెట్టే పని నాది.

"పేర్లన్నీ మార్చేయాలి టీచర్. మా దేశంలో ఎవరికీ లేని పేర్లు కావాలి."

"అదెంత పని? మా చుట్టాలున్నారుగా."

అలా మొరాకో జైలరుకి మా ఆడపడుచు మొగుడి పేరు వచ్చింది.

"ఈయన నిజంగా అంత దుర్మార్గుడా?"

"పాపం, కాదు. మా పెళ్ళిలో పులుసు చల్లారిందని మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు."

"అయితే సరిపోతాడు."

దర్జీకి మా నాన్న పేరిచ్చాను.

ఎనభై మూడులో న్యూయార్క్‌లో ఒక చిన్న ప్రచురణ సంస్థ పుస్తకం వేసింది. మాకొచ్చిన కాపీ తిరగేస్తుంటే, చివరి అధ్యాయంలో ఒక్కచోట, దర్జీ అసలు పేరు. ఆవిడ మార్చడం మరిచిపోయింది. నేను చూసుకోకుండా టైపు చేసేశాను. ముప్ఫై ఏళ్ళు పరాయి పిల్లల తప్పులకి ఎర్రసిరా సున్నాలు చుట్టినదాన్ని.

పేజీ చూపించాను. అరవలేదు. "ఆయనకి ఐదుగురు పిల్లలు టీచర్" అంది, అంతే.

మర్నాడు పొద్దున్నే రైలెక్కి ఆ ఆఫీస్‌కి వెళ్ళాం. అక్కడి కుర్ర ఎడిటరు, "ఒక్క పేరే కదా మేడమ్, ఎవరు పట్టించుకుంటారు?" అన్నాడు. "ఆ పోలీసులకి నీ పేరు రాసి పంపిద్దామా నాయనా, పట్టించుకుంటారో లేదో చూద్దాం" అన్నాను. గోదాము తలుపు తీశాడు. మూడు రోజులు నేలమీద కూర్చున్నాం. నేను పేజీ తీసి పట్టుకోవడం, ఆవిడ సన్నకుంచెతో ఆ పేరు మీద నల్లరంగు పూయడం. పూసిన ప్రతిసారీ పెదవులు కదిలేవి. ప్రార్థనో, క్షమాపణో నేను అడగలేదు.

కానీ అప్పటికే రెండు పెట్టెలు షాపులకి వెళ్ళిపోయాయి. అందులో ఒకటి పారిస్‌కి. అక్కడ ఆవిడ దేశస్థులు వీధి వీధికీ ఉంటారు.

దర్జీకి ఏమైందో కనుక్కోవడానికి దారి లేదు. అడగాలంటే ఆ పేరు పలకాలి. ఉత్తరం రాస్తే ఎవరో విప్పుతారు. ప్రతి శనివారం పాత పుస్తకాల షాపులన్నీ తిరిగేవాళ్ళం. కనబడిన కాపీ కొనేవాళ్ళం, లేదా అక్కడే నిలబడి పని కానిచ్చేవాళ్ళం. "కబురు రాలేదంటే కుడుతున్నాడనే" అనేది నాతో. ఆ మాట నాకే చెబుతోందా, తనకే చెప్పుకుంటోందా అని అనుమానం. ఫోన్ మోగితే మాత్రం చేతిలో టీ కప్పు దించేసేది.

అనుకున్నట్టే పేపర్లో నాలుగు లైన్లు వేశారు. గురువారం లైబ్రరీకి వెళ్తే ఆవిడ నవల అందరికీ కనబడేలా బల్లమీద నిలబెట్టి ఉంది. చివరి అధ్యాయం తీశాను. పేరు నిక్షేపంలా ఉంది. ఇంటికి తెచ్చుకున్నాను.

మా అమ్మాయి చూసింది. "అమ్మా, ఆరేళ్ళయింది. ఆయన ఉన్నాడో లేడో. పోయుంటే, అంత మంచి చేసినవాడి పేరు అచ్చులో మిగిలింది ఇక్కడే కదా. ఉండనీయరాదూ?"

న్యాయమైన మాటే. కానీ ఉండనిస్తే ఆయన పోయాడని నేను ఒప్పుకున్నట్టు. ఆవిడ లేదు కాబట్టి, ఆయన బతికున్నాడని నమ్మడానికి ఈ లోకంలో ఇక నేనొక్కదాన్నే మిగిలాను.

పెన్ను తీసి, మొదటి అక్షరం నుంచి చివరిదాకా నల్లగా దిద్దాను. సిరా వెనక పేజీకి కూడా దిగింది. తడి ఆరేదాకా పుస్తకం మూయకుండా, ఆ కాగితాన్ని రెండు వేళ్ళతో ఎత్తిపట్టుకుని కూర్చున్నాను.