ఇంగ్లండు జాడీ, లేని పెద్దమ్మ

ఆ రోజుల్లో నేను ఒంటరిగా ఉన్నానని ఎప్పుడూ అనుకోలేదు. దానికి నేను పెట్టుకున్న పేరు హాబీ. ఇరవై నాలుగేళ్ళ వయసులో బత్తలపల్లెలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో జూనియర్ అసిస్టెంటుగా చేరి, ఒక అవ్వ ఇంటి వెనక గదిలో అద్దెకు దిగాను. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చింది మొదలు మర్నాడు మళ్ళీ పోయేదాకా నాకు తోడు ఫోను ఒక్కటే (అదీ చార్జింగ్ ఉన్నంతసేపు). ఊళ్ళో మనుషులు లేకనా? పలకరిస్తే పలికేవాళ్ళే అందరూ. పలకరింపు ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియదు, అంతే.

హాబీ ఏమిటంటే, పాతకాలపు ఇంగ్లీషు కుండలు. నవ్వకండి. మా నాయన గుంతకల్లులో రైల్వే గార్డు. ఊరు విడిచిపోతున్న ఒక ఆంగ్లో ఇండియన్ కుటుంబం సామాన్లు అమ్మేస్తుంటే ఆయన ఒక మట్టిరంగు కప్పు తెచ్చాడు. అందులో నేను పెన్నులు పెట్టుకునేవాణ్ణి. దాని అడుగున ఒక చిన్న ముద్ర ఉండేది. బత్తలపల్లెలో ఏమీ తోచని ఒక సాయంత్రం ఆ ముద్ర ఎవరిదా అని ఫోనులో వెతకబోయి, ఒక కొత్త లోకంలో పడ్డాను. ఫ్యాక్టరీ పింగాణీ ఇల్లిల్లూ నింపేస్తున్న కాలంలో ఇంగ్లండులో కొందరు పంతం పట్టి కుమ్మరిసారె ముందు కూర్చుని, ఒక్కో పాత్రనూ చేత్తో చేసి, కట్టెల బూడిద కలిపిన పూత పూసి, కాల్చి, అడుగున తమ ముద్ర వేసేవారట. ఏ ముద్ర ఎవరిదో, ఎవరి పూత ఏ రంగుకు తిరుగుతుందో పరీక్షకు చదివినట్టు బట్టీపట్టాను. ఆఫీసులో పక్క కుర్చీలో ఉన్నాయన పిల్లలెందరో నాకు తెలియదు గానీ, ఎప్పుడో పోయిన ఇంగ్లీషు కుమ్మరులు కప్పుకు పిడి ఎలా అతికించేవారో మాత్రం తెలుసు.

చివరికి ధైర్యం చేసి ఒకటి తెప్పించాను. గోధుమరంగు జాడీ, మూతతో సహా. అది వచ్చిన రోజు వీధిలో నీళ్ళ ట్యాంకరు కోసం ప్లాస్టిక్ బిందెలు బారులు తీరి ఉన్నాయి. పోస్టుమ్యాన్ సైకిలు స్టాండు వేసి, పార్శిలును రెండు చేతులా పట్టుకుని, దాని మీద అంటించిన చీటీని కూడబలుక్కుని చదివాడు. పాపం, అమ్మినవాళ్ళు పూత పేరు కూడా రాశారు.

“సారూ, ఇంగ్లండు నుంచి వచ్చినాది. జాడీ, బూడిద అని రాసుండారు. ఎవురు సార్ పోయినారు?”

బిందెల దగ్గరున్న ఆడవాళ్ళందరూ ఇటు తిరిగారు. మా ఇంటిగల అవ్వ కూడా. గుక్కెడు నీళ్ళ కోసం పొద్దుటి నుంచి ఎండలో నిలబడ్డ వాళ్ళకు, నీళ్ళు పట్టే పనికి రాని కుండను సముద్రాలు దాటించి తెప్పించుకున్నానని ఏ నోటితో చెప్పను? ఉన్నవాళ్ళలో ఎవరినీ చంపడానికి మనసొప్పలేదు. అందుకని లేని పెద్దమ్మను అప్పటికప్పుడు పుట్టించి, ఆ క్షణమే చంపేశాను.

“మా పెద్దమ్మ,” అన్నాను.

“అయ్యో నాయనా!” అని అవ్వ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. (ఆ ఊరికి వచ్చాక నన్ను ఇంకొక మనిషి తాకడం అదే మొదలు.) ఆ వెంటనే, “అస్తికలు ఇంట్లో పెట్టగూడదప్పా, సెట్టుకు కట్టల్ల,” అంది. నా జాడీ మూతైనా తీయకముందే తెల్లగుడ్డలో మూటై పెరట్లో వేపకొమ్మకు వేలాడింది. గాలికి అది ఊగినప్పుడల్లా నా ప్రాణం ఊగేది. నేను కిటికీలోంచి దాన్నే చూస్తూ కూర్చుంటే, దుఃఖం అనుకుని ఊరంతా జాలిపడింది.

నాలుగు రోజులు నా గదిలో పొయ్యి వెలిగించనివ్వలేదు. సంగటి ఒకరు, నంజుకోవడానికి ఊరుబిండి ఒకరు తెచ్చారు. రాత్రికి అవ్వ ఇంట్లోనే భోజనం. అవ్వ కొడుకు షేర్ ఆటో నడిపేవాడు, అందరూ డీజిలన్న అనేవాళ్ళు. “మీ పెద్దమ్మ ఎట్లాంటిదప్పా?” అని అతను అడిగితే చెప్పడం మొదలుపెట్టాను. గట్టిగా నవ్వేదని, చిన్నప్పుడు నాకు తల దువ్వేదని, అంత చలిదేశంలో కూడా వేరుశనక్కాయలు వేయించుకునేదని. చెప్పేకొద్దీ నాకే ఆమె మీద ప్రేమ పుట్టుకొచ్చింది. నిజం చెప్పేయాలని ప్రతిరోజూ అనుకునేవాణ్ణి. ఈలోగా అవ్వ నా కంచంలో ఇంకో ముద్ద వేసేది.

ఆదివారం పొద్దున్నే డీజిలన్న ఆటో తీశాడు. “పద నాయనా, ఏట్లో కలిపేసి వద్దాం,” అంది అవ్వ. చిత్రావతిలో కనుచూపుమేర ఇసుకే. డీజిలన్న చెలమ తవ్వాడు. నీళ్ళు ఊరేదాకా ముగ్గురం చుట్టూ కూర్చున్నాం. “యాడ పుట్టిందో, యాడ పోయిందో మాతల్లి. బూడిదన్నా మన ఏటికి వచ్చినాది,” అని అవ్వ నిజంగా కళ్ళు తుడుచుకుంది. అన్న గుడ్డ విప్పి మూత మీద చెయ్యి వేశాడు. ఇక ఆగలేకపోయాను.

“అవ్వా, దాంట్లో ఏమీ లేదు. నాకు పెద్దమ్మే లేదు!”

అన్న మూత తీశాడు. నలిగిన ఇంగ్లీషు పేపరు ముక్క బయటికి వచ్చింది. జాడీని తలకిందులు చేసి దులిపాడు. “ఉత్త కుండా?” అన్నాడు. నేను అంతా చెప్పాను: ముద్రలు, పూత, బిందెలు, సిగ్గు. విని విని అతను ఇసుకలో పడి నవ్వాడు. అవ్వ నవ్వలేదు.

“మా ఇంట్లో కూకోని తినేదానికి ఒకరు సావల్లనా నాయనా? ఒగడే ఉండలేకుండాను అవ్వా అంటే సాలదా?”

ఆమెకు కోపం వచ్చిందో జాలి కలిగిందో ఈనాటికీ తెలియదు. “సరే, అబద్ధం సావైనా సావే, మైల పోవల్ల,” అని చెలమలో ఊరిన బురదనీళ్ళు చెంబుతో ముంచి, బట్టల మీదే నా నెత్తిన కుమ్మరించింది. ఆ తర్వాత బదిలీ అయ్యేదాకా ప్రతి ఆదివారం రాత్రీ అక్కడే తిన్నాను. పిలవకుండానే పోయేవాణ్ణి.

ఇప్పుడు నా బీరువాలో అలాంటి పాత్రలు తొమ్మిదున్నాయి. వాటిని చూసినప్పటికంటే ఆ ఆదివారం తలుచుకున్నప్పుడే నాకు ఎక్కువ సంతోషం కలుగుతుంది. నెత్తి నుంచి నీళ్ళు కారుతూ, ఒళ్ళో జాడీతో ఆటో వెనక సీట్లో కూర్చున్న ఆ కుర్రాడు, ముందు డీజిలన్న ఇంకా నవ్వుతుంటే తనూ నవ్వుతున్నాడు. మధ్యలో ఎందుకో కళ్ళు తుడుచుకున్నాడు. ఇసుక పడిందని అవ్వతో చెప్పాడు గానీ, అదీ అబద్ధమే. నాలుగు రోజులు తనకు తోడున్న పెద్దమ్మ ఏట్లోనే ఉండిపోయిందని వాడి బాధ.