గడప ముందు చాచిన కాళ్లు

చౌడేపల్లె దగ్గర మా ఊళ్లో, తొంభై రెండులో, సారా అంగడి గడప ముందు మా పెద్దమ్మ చెంగమ్మ కాళ్లు చాపుకుని కూర్చునేది. పక్కన గౌరమ్మ, మునీశ్వరి, ఇంకొందరు. గడప పొడవునా కాళ్లే. లోపలికి పోవాలంటే దాటాలి. మా పక్క ఎంతటి మొరటువాడైనా పెద్దవాళ్ల కాళ్లు దాటడు.

"కాళ్లు తియ్యమ్మా, పుణ్యముంటాది."

"యాల తీస్తా? దాటుకోని పో నాయనా," అని నవ్వేది. తాగడానికి వచ్చినవాళ్లు తల గోక్కుంటూ వెనక్కి పోయేవాళ్లు.

ఆమె తండ్రి స్వాతంత్ర్యానికి ముందు మదనపల్లెలో కల్లంగడి ముందు కూర్చుని లాఠీ దెబ్బలు తిన్నాడట. మనం చెయ్యెత్తితే మనం అడిగేది ఎవరికీ వినపడదని చెప్పేవాడట. అందుకే పెద్దమ్మ ఒక నియమం పెట్టింది. పట్టుపురుగులకు మల్బరీ ఆకు కోసి నేరుగా వచ్చేవాళ్లు, నడుముకు దోపుకున్న కొడవలి తీసి ఆమె గంపలో వెయ్యాలి.

ఆ రోజు వాన ముంచుకొస్తోందని మునీశ్వరి మల్బరీ తోటలోంచి పరుగున వచ్చి కూర్చుంది. కొడవలి సంగతి ఆమె మరిచిపోయింది. పెద్దమ్మా అడగలేదు. కాసేపటికి ఆమె మొగుడు సురేంద్ర వచ్చాడు.

"ఇంట్లో పురుగులు ఆకలికి సస్తాండాయి. మహారాణి ఈడ కూర్చోనుండాది," అని జుట్టు పట్టి లాగాడు.

ఆమె చెయ్యి నడుము దగ్గరికి పోయింది. అతని ముంజేయి తెగింది.

పుంగనూరు ఆసుపత్రిలో కుట్లు వేశారు. మునీశ్వరి కుప్పంలో పుట్టింటికి వెళ్లిపోయింది.

"ఇప్పుడు భయం తెలిసింటాది ఈ తాగుబోతు నా బట్టలకు," అంది గౌరమ్మ.

"ఇన్నాళ్లూ సిగ్గుపడి పోతాండ్రి గౌరీ. భయపడినోడు తిరగబడతాడు."

"నీ వేదాంతం నీ దగ్గరే పెట్టుకో అక్కా."

"నేను అడిగింటే సరిపోతాండె," అని పెద్దమ్మ గంప వైపు చూసింది.

కొడవళ్లు దగ్గరుంటేనే వస్తామన్నారు గౌరమ్మ వాళ్లు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. మరుసటి వారం గడప ముందు ఆమె, నేను, మధ్యలో ఖాళీ గంప.

సురేంద్ర చేతికి కట్టుతో వచ్చాడు.

"నొప్పి తగ్గిందా నాయనా?"

అతను ఆగాడు. పంచె పైకెత్తి ఆమె కాళ్లు దాటి లోపలికి పోయాడు.

దూరంగా నిలబడి చూస్తున్నవాళ్లలో ఒకడు వచ్చి దాటాడు. తర్వాత ఇంకొకడు. ఆ మనిషి చెప్పు ఆమె మోకాలికి తగిలింది. అలవాటుగా వంగి, ఆమెను తాకి కళ్లకద్దుకుని, లోపలికి పోయాడు.

అంగడి మూసేదాకా పెద్దమ్మ కాళ్లు ముడుచుకోలేదు.