నాతో మాట్లాడిన ప్లీడరు

పంతొమ్మిది వందల యాభైల్లో నేను కడపలో టీచరుగా పనిచేసేదాన్ని. నా జీతంతో చిన్న మిద్దె ఇల్లు కొనబోతే, మా అన్న నన్ను ఊళ్లో పేరుమోసిన ప్లీడరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన ప్రతి ప్రశ్నా మా అన్ననే అడిగాడు.

“కొనేది నేను సార్,” అన్నాను.

“నీకెందుకమ్మా ఇయన్నీ? సంతకం రోజు వస్తే చాలు.”

కాగితాలు తీసుకుని లేచాను. అన్న వెంటపడ్డాడు. “అంత పెద్దాయన్ను కాదని యాడికి పోతాండావు?”

“నాతో మాట్లాడే ప్లీడరు కాడికి.”

కోర్టు వెనక చిన్న గదిలో కొత్తగా ప్రాక్టీసు పెట్టినాయన దొరికాడు. పత్రాలన్నీ నాకు చదివి వినిపించాడు. “ఇల్లు అమ్మేవాని తల్లి పేరున ఉండాదమ్మా. ఆమె చనిపోయింది గదా, కూతుర్లుంటే వాళ్ల సంతకం లేకుండా కొనద్దు,” అన్నాడు.

విచారిస్తే, కమలాపురంలో ఒక కూతురుందని తెలిసింది. అమ్మే అతను మండిపడ్డాడు. “ఆడబిడ్డ సంతకమెందుకు?”

“అది లేకుంటే నాకీ ఇల్లే వద్దు,” అన్నాను.

నేనే కమలాపురం బస్సెక్కాను. ఆమె అంతా విని, “మా ఇంటి గురించి నన్నడిగింది నువ్వొక్కదానివే,” అంది. తన వాటా తేల్చుకున్నాకే రిజిస్ట్రారాఫీసుకు వచ్చి, ఇల్లు అమ్మే తన అన్న పక్కనే నిలబడి సంతకం చేసింది.

సాక్షిగా మా అన్నను పిలిచాను. ముందుకొచ్చి సంతకం పెట్టాడు.