నీలం మీద పసుపు

మా బావ ముప్పై ఏళ్ళు అక్షరాలు రాసి బతికాడు. పుస్తకాల్లో కాదు, షాపుల నెత్తిన. టైర్ల కొట్టు, పిండిమర, పళ్ళ డాక్టరు, ఎవరి పేరైనా సరే, ఆయన చేతిలో పడితే కడుపునిండా తిన్నట్టు గుండ్రంగా, నిండుగా ఉండేది. ఊళ్ళో అందరికీ ఆయన అక్షరాలాయనే. వత్తులు మరీ పెద్దవి రాస్తాడని నేను ఏడిపించేవాణ్ణి. "కిందున్నవాడికి కూడా కాస్త చోటివ్వాలి కదరా" అనేవాడు. మనిషి మంచివాడే. అయినా పది నెలలుగా ఆయన మొహం చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఈ సంగతి ముందే చెప్పేస్తున్నాను, తర్వాత ఎవరూ నన్ను మంచివాణ్ణి అనుకోకుండా.

పది నెలల క్రితం ఒక మధ్యాహ్నం మా అక్కకి గుండెల్లో నొప్పి వచ్చింది. బావ తన పాత నీలం కార్లో వెనక సీటు మీద ఆమెని పడుకోబెట్టి, తల కూతురి ఒళ్ళో పెట్టించి, ఆసుపత్రికి బయల్దేరాడు. దారిలో రైలు గేటు పడింది. పెట్రోలు దండగని అలవాటుగా ఇంజను ఆపేశాడు. గూడ్సు బండి వెళ్ళిపోయి గేటు లేచాక ఆ కారు ఎంతకీ స్టార్టవలేదు. వెనకవాళ్ళు హారన్లు మోగించేస్తున్నారు. చివరికి నలుగురు దిగి తోస్తే కదిలింది. అప్పటికే అక్క పోయింది. ఆ సంగతి ముందుగా తెలిసింది పన్నెండేళ్ళ పిల్లకి. చెబితే నాన్న కంగారుపడి ఎక్కడ గుద్దేస్తాడోనని ఆసుపత్రి దాకా నోరెత్తలేదు.

ఆ పిల్లని మేమంతా అమ్మలు అంటాం. ఆ రోజు తర్వాత అమ్మలు మళ్ళీ ఆ కారెక్కలేదు. వానలో కూడా గంటసేపు నడిచి బడికి వెళ్ళేది. వాకిట్లో కారు కనిపిస్తే ఇల్లు చుట్టి వెనక గుమ్మంలోంచి లోపలికి వచ్చేది. పోనీ అమ్మేద్దామా అంటే, నిచ్చెనలూ రంగు డబ్బాలూ వేసుకుని ఊరూరా తిరగడానికి బావకి ఆ బండే దిక్కు. సెలవుల్లో ఒకరోజు అమ్మలు నాకు ఫోన్ చేసింది.

"మామయ్యా, బళ్ళు తెరిచేలోపు నన్ను మీ ఇంటికి తీసుకెళ్ళిపోతావా? కిటికీలోంచి ఆ కారు కనిపిస్తుంటే నాకు ఊపిరాడట్లేదు."

మర్నాడే ఆఫీసుకి సెలవు పెట్టి వెళ్ళాను. బావ గుమ్మంలోనే ఆపేశాడు. "పది రోజులాగరా. అప్పటికీ ఉండనంటే తీసుకెళ్ళు. నేను అడ్డు చెప్పను." సెలవు పొడిగించి నేనూ అక్కడే ఉండిపోయాను.

పది రోజుల్లో ఆయన చేద్దామనుకున్నది కారుకి రంగు మార్చడం. ఆయన లెక్కలో బోర్డు మారితే షాపు మారినట్టే. కారుకి రంగు వెయ్యడం ఆయనకి బొత్తిగా తెలీదు. అయినా షెడ్డులో ఇవ్వనన్నాడు. తన చేతులతోనే చెయ్యాలట.

"ఏం రంగు వెయ్యమంటావు అమ్మలూ?" అనడిగాడు.

"నీలం కాకపోతే చాలు" అంది, పుస్తకంలోంచి తలెత్తకుండా.

పసుపు తెచ్చాడు. "టాక్సీ అనుకుని ఎవరైనా ఎక్కేస్తారు బావా" అన్నాను.

"ఎవరో ఎందుకురా, అదొక్కత్తి ఎక్కితే చాలు."

ఇంటి పక్క ఖాళీ జాగాలో టార్పాలిన్ కట్టి పని మొదలుపెట్టాడు. గరుకు కాగితంతో పొడిగానే రుద్దేసి ఒళ్ళంతా గీతలు పెట్టాడు. వీధి చివర మెకానిక్కు చూసి, "అది రేకండీ, గోడ కాదు. సన్న కాగితం తీసుకుని, నీళ్ళు పోస్తూ రుద్దండి" అని కేకలేసి పోయాడు. మళ్ళీ రుద్దాడు. సొట్టలకి లప్పం పెట్టాడు, ఆరాక అదీ రుద్దాడు. వేళ్ళ చివర చర్మం లేచిపోయి అన్నం కలుపుకోలేక చెంచాతో తిన్నాడు. మొదటి కోటు అలవాటు కొద్దీ కుంచెతోనే వేశాడు. దువ్వెనతో దువ్వినట్టు చారలు పడ్డాయి. అదంతా గీకేసి, స్ప్రే గన్ను అద్దెకి తెచ్చి, మరీ దగ్గరగా పట్టుకుని కొట్టాడు. తలుపుల మీద రంగు ధారలు కట్టి కిందికి జారింది. నాకు నవ్వొచ్చింది, నిజం చెప్పొద్దూ. ఆయన మాత్రం గన్ను పక్కన పెట్టి నేలమీద కూలబడ్డాడు.

"దీని మీద రాయాల్సింది ఏమీ లేదురా. అందుకే చెయ్యి ఆడట్లేదు" అని ఏడ్చాడు. అక్క పోయిన రోజు కూడా ఆయన అలా ఏడవలేదు.

ఎనిమిదో రోజుకి చెయ్యి కుదిరింది. దుమ్ము లేవకుండా నేల తడిపి, తలుపులన్నీ మూసి, అద్దాలకి కాగితాలు అతికించి, చివరి కోట్లకి సిద్ధమయ్యాడు. గన్ను కడగడానికి వెనక సీట్లో ఉన్న గుడ్డపేలిక కావలసొచ్చి నేను వెనక తలుపు తీశాను. తలుపు అంచులూ, చుట్టూ ఉన్న చట్రమూ, కాలు పెట్టే గడపా, అంతా నీలమే. కొత్తలో ఎలా ఉందో అలాగే నిగనిగలాడుతోంది. అటు పక్క బావ థిన్నరు కలుపుతున్నాడు. ముప్పై ఏళ్ళలో ఆయన ఏ బోర్డుకీ వెనక రంగు వేసి ఎరగడు. గోడకి ఆనుకునే వైపు ఎవరు చూస్తారు? కారు కూడా ఆయన కంటికి పైకి కనిపించేదే.

తలుపులు తీసి లోపలి అంచులకి కూడా వెయ్యి బావా, అంటే సరిపోయేది. పూట పని.

అనలేదు. పేలిక తీసుకుని తలుపు మూసేశాను. మాకు పిల్లల్లేరు. అమ్మలు వస్తుందని మా ఆవిడ అప్పటికే గది సర్దేసింది. అదొక్కటే కారణమని చెప్పుకుంటే అబద్ధమవుతుంది. గేటు దగ్గర ఇంజను ఆపిన మనిషి ఇంకొకటి పోగొట్టుకుంటే ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

పదో రోజు పొద్దున బావ గడ్డం గీసుకున్నాడు, ఉతికిన చొక్కా వేసుకున్నాడు. కారు వాకిట్లో పసుప్పచ్చగా మెరుస్తోంది. అక్కడక్కడా కాస్త ఎగుడుదిగుడు తప్ప వంక పెట్టడానికి లేదు. అమ్మలు ముందు గుమ్మంలోంచి బయటికొచ్చింది. కారు చుట్టూ ఒకసారి తిరిగింది. బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూసింది.

"బాగుంది నాన్నా. అసలు మనది కానట్టే ఉంది."

బావ శుభ్రంగా ఉన్న చేతుల్నే మళ్ళీ మళ్ళీ తుడుచుకుంటున్నాడు. "ఊరికే ఆ మలుపు దాకా వెళ్ళొద్దాం అమ్మలూ. వద్దంటే అక్కడే ఆపేస్తాను" అన్నాడు. ఆపేస్తాను అన్నాక నాలిక్కరుచుకున్నాడు.

పిల్ల తలూపింది. తనే వెనక తలుపు పట్టుకుని తీసింది.

అలాగే నిలబడిపోయింది. లోపలెవరో పడుకున్నట్టు తలుపు మెల్లగా మూసింది.

"మామయ్యా, నా బ్యాగు సర్దే ఉంది" అంది.

బావ వచ్చి తలుపు తీసి చూశాడు. గొంతుక్కూర్చుని అంచు వెంబడి వేలితో తడిమాడు. "ఇదేంటి, ఇక్కడ వెయ్యనేలేదు నేను" అని గొణుక్కుని, ఒక్కసారిగా లేచాడు. "అమ్మలూ, ఒక్క పూట తల్లీ. సాయంత్రానికల్లా వేసేస్తాను. ఒక్క పూట ఆగవే."

"వద్దులే నాన్నా. నువ్వు బాగా అలిసిపోయావు" అంది అమ్మలు. బ్యాగు తేవడానికి లోపలికి వెళ్ళింది.

బస్సు దాకా ఆ బ్యాగు ఆయనే మోశాడు. పిల్ల ఎక్కి కూర్చున్నాక నన్ను పక్కకి లాగాడు.

"నాకు తట్టనే లేదురా. నువ్వూ అక్కడే ఉన్నావు కదా, నీకూ కనిపించలేదా?"

"లేదు బావా."

"నీకెలా తెలుస్తుందిలే. నువ్వేమైనా పెయింటరువా?" అని నా భుజం తట్టి, పిల్లని జాగ్రత్తగా చూసుకోమన్నాడు.