కుర్చీలోంచి చెప్పిన మాట

శనివారం పొద్దున హెన్నింగ్ షెడ్డు తలుపు తెరిచి ఉందంటే, లోపల కాఫీ కాగుతోందని అర్థం. మా వీధి మగవాళ్ళం ముగ్గురు నలుగురం అక్కడ చేరేవాళ్ళం. స్టాక్‌హోమ్‌కి దూరంగా, దలార్నా ప్రాంతంలో కాగితపు మిల్లు ఉన్న చిన్న ఊరు మాది. హెన్నింగ్ ఆ మిల్లులో ముప్ఫై నాలుగేళ్ళు యంత్రాలు బాగుచేసి రిటైరయ్యాడు. భార్య విడాకులు తీసుకుని చాలాకాలమైంది. 1966 నాటి పాత వోల్వో కారు ఒకటి ఉండేది అతనికి. దాన్ని చంటిబిడ్డలా చూసుకునేవాడు.

అతనికి అభిప్రాయం లేని విషయం లేదు.

“కరెంటు కారంటే చక్రాలు తగిలించిన ఫోను. చలి పెరిగితే చచ్చి ఊరుకుంటుంది” అనేవాడు. “స్టాక్‌హోమ్‌లో మెట్రో ఎక్కేవాడు మన పెట్రోలు రేటు తేలుస్తాడు, మనమేమో చప్పట్లు కొట్టాలి” అనేవాడు. మిత్రుడు బిర్గెర్‌కి చేపల పిచ్చి. “అది హాబీ కాదురా, పెళ్ళాం దగ్గర్నించి పారిపోవడం” అని అతన్ని ఏడిపించేవాడు. మేం పొట్టచెక్కలయ్యేలా నవ్వేవాళ్ళం. సగం అబద్ధమైనా అతను చెప్తే వినబుద్ధయ్యేది.

అక్టోబరులో ఒక శనివారం సోల్వేగ్ వచ్చింది. మా వీధి చివరి ఇల్లు ఆమెది. బడి వంటశాలలో పని. గురువారాలు ఊరి హాల్లో డాన్సు జరిగితే అకార్డియన్ వాయించేది ఆమే. ఆరోజు ఒక చేతిలో యాలకుల బన్నుల పళ్ళెం, ఇంకో చేతిలో కారు తాళం.

“హెన్నింగ్, బ్రేకు తొక్కితే కాలు కిందిదాకా దిగిపోతోంది. ఒక్కసారి చూస్తావా?” అంది.

అప్పుడే బిర్గెర్ తను కరెంటు కారు బుక్ చేశానని బయటపెట్టాడు. హెన్నింగ్ అతన్ని ఉతికి ఆరేస్తున్నాడు. మాట ఆపడం ఇష్టం లేక, ఆమె వైపు సగమే తిరిగాడు.

“తేమకి అలాగే ఉంటుందమ్మా. రెండుసార్లు గబగబా తొక్కు, పైకి లేస్తుంది. వర్క్‌షాపు వాళ్ళ దగ్గరికి మాత్రం పోకు, నిలువునా దోచేస్తారు.”

“అంతేనంటావా?”

“అంతే.”

ఆమె తాళం చాచినట్టే పట్టుకుని కాసేపు నిలబడింది. తర్వాత పళ్ళెం బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది.

నేను స్కూలు బస్సు నడుపుతాను. తేమకి బ్రేకు అలా దిగదని నాకు తెలుసు. నా బస్సుకి అలా అయితే గజం దూరం కూడా కదిలించను. ఆ మాట నోటిదాకా వచ్చింది. అంతలో హెన్నింగ్ మళ్ళీ ఏదో అన్నాడు, అందరూ నవ్వారు. నేనూ నవ్వి, పళ్ళెంలోంచి ఒక బన్ను తీసుకున్నాను.

మంగళవారం చర్చి దగ్గరి వాలులో ఆమె కారు బ్రేకు పూర్తిగా పోయింది. కింద ఒకామె పిల్లబండి తోసుకుంటూ రోడ్డు దాటుతోంది. సోల్వేగ్ స్టీరింగు తిప్పేసి రాతిగోడకు గుద్దింది. పక్కటెముకలు చిట్లాయి, ఎడమ మణికట్టు రెండుచోట్ల విరిగింది. బ్రేకు గొట్టం తుప్పుపట్టి ద్రవమంతా కారిపోయిందని పోలీసులు తేల్చారు. ముందు ఏమైనా తేడా గమనించావా అని అడిగితే, లేదని చెప్పిందట.

ఆ శనివారం షెడ్డుకి మా గుంపులోవాడే ఇంగ్వె వచ్చాడు. ముందు వారం అతను లేడు.

“పిచ్చిది, ఒక్కమాట మన హెన్నింగ్‌ని అడిగుంటే ఈ గొడవే ఉండేది కాదు కదా” అన్నాడు.

బిర్గెర్ నా మొహం చూశాడు. నేను నేల చూశాను. హెన్నింగ్ కప్పులో కాఫీ వంపుతూ ఉన్నాడు. కప్పు నిండి బల్ల మీదికి పారినా ఆపలేదు.

తర్వాత మూడు శనివారాలు షెడ్డు తలుపు తెరుచుకోలేదు. నవంబరు చివర ఒకరోజు అతనే మా ఇంటికొచ్చి, బూట్లు కూడా విప్పకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు.

“ఆవేళ నువ్వూ విన్నావు కదా.”

“విన్నాను.”

“తేమ కాదని నీకు తెలుసా?”

“తెలుసు.”

“మరి నోట్లో ఏం పెట్టుకున్నావు?”

“నువ్వు చెప్పాక ఇంకొకడు మాట్లాడే వీలుందా అక్కడ?” అన్నాను. అనేశాక, సగం నిజమే చెప్పానని నాకే తెలిసింది.

అతను కోప్పడలేదు. “తేమ కాదని నాకూ తెలుసు. కారు కిందికి వంగి చూస్తే కారిన ద్రవం మరక కనబడేది. వాదనలో గెలుస్తున్నాను, అందుకని లేవలేదు” అన్నాడు.

ఇద్దరం సోల్వేగ్ ఇంటికి వెళ్ళాం. ఆమె కట్టు చెయ్యి దిండు మీద పెట్టుకుని వంటింట్లో కూర్చుని ఉంది. హెన్నింగ్ కూర్చోకుండానే చెప్పాడు.

“తప్పు నాది సోల్వేగ్. చూడకుండా చెప్పాను.”

“తెలుసు.”

“పోలీసులకి ఎందుకు చెప్పలేదు?”

“చెప్తే నా చెయ్యి అతుక్కుంటుందా? అనుమానం వచ్చీ నడిపింది నేను. ఆ పాపం నాది, నేనే మోస్తాను.” కట్టు చెయ్యి దిండు మీద సర్దుకుని మళ్ళీ అంది: “నువ్వు తప్పు చెప్పావని కాదు హెన్నింగ్. తప్పు ఎవరైనా చెప్తారు. నేనంతసేపు తాళం పట్టుకుని నిలబడితే, నువ్వు కుర్చీలోంచి లేవలేదు.”

తర్వాత నా వైపు తిరిగింది. “నువ్వేమో బన్ను తిన్నావు.”

మర్నాడు హెన్నింగ్ పోలీసు స్టేషనుకి వెళ్ళి జరిగింది చెప్పాడు. అక్కడి అమ్మాయి శ్రద్ధగా రాసుకుని, సలహా ఇవ్వడం నేరం కాదని పంపేసింది. తిరిగొచ్చినప్పుడు అతని మొహం శిక్ష పడినవాడి మొహంలాగే ఉంది. తర్వాత ఇంగ్వెనీ బిర్గెర్‌నీ పిలిచి, ఆమె అడిగిందనీ తను లేవలేదనీ నోరారా ఒప్పుకున్నాడు.

కట్టు విప్పాక మణికట్టు వ్యాయామానికి సోల్వేగ్ వారానికి రెండుసార్లు ఫాలున్ ఆసుపత్రికి వెళ్ళాలి. హెన్నింగ్ తన కారులో దింపుతానన్నాడు. “నీ కారు నాకొద్దు. బస్సుంది” అంది. అయితే తనూ బస్సెక్కాడు. బ్యాగు పట్టుకుని పక్క సీట్లో కూర్చునేవాడు, ఆమె పలకరిస్తే పలికేవాడు. జనవరిలో చలికి రెండురోజులు బస్సులు ఆగిపోయాయి. అప్పుడు మాత్రం మారుమాట్లాడకుండా వోల్వో ఎక్కింది.

మార్చికి నొప్పి తగ్గింది. కానీ మణికట్టు పూర్తిగా తిరగలేదు. అకార్డియన్ తిత్తిని లాగి మూసేది ఎడమ చెయ్యే. ఆమె ఆ వాద్యాన్ని సంగీతబడికి ఇచ్చేసింది. ఇప్పుడు గురువారాల్లో బోర్లెంగె నుంచి ఎవరో కుర్రాడు వచ్చి వాయిస్తున్నాడు. సోల్వేగ్ హాలు కిటికీ దగ్గర కాఫీ అమ్ముతుంది. ఆ కుర్రాడు తాళం తప్పిన చోటల్లా ఆమె కుడికాలు నేలను తడుతూ సరిచేస్తుంటుంది. ఒకసారి అది చూశాక హెన్నింగ్ మళ్ళీ హాలుకి రాలేదు.

ఇప్పుడు ఎవరైనా కారు తెస్తే దీపం పట్టుకుని కిందికి దూరతాడు. అరగంట తర్వాత బయటికొచ్చి, చాలాసార్లు “తెలీదు, ఇంకెవరికైనా చూపించు” అంటాడు. శనివారాలు నేనొక్కణ్ణే వెళ్తున్నాను. పెట్రోలు గురించీ ప్రభుత్వం గురించీ మాటలు తగ్గాయి. సోల్వేగ్ దారిలో కనబడితే ఇద్దరినీ పేరుపెట్టి పలకరిస్తుంది. షెడ్డు గుమ్మం మాత్రం తొక్కలేదు. రమ్మని పిలిచే మొహం మా ఇద్దరికీ లేదు.